పోయిందనుకున్న కథ

హాల్లో లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతుంటే ఆమె మనసులో మెదిలిన మొదటి మాట, ఇది నా కథే అయ్యుండాలి భగవంతుడా, అని. అలా అనుకున్నందుకు మరుక్షణమే తనమీద తనకే ఒళ్ళు మండింది. ఇంట్లో దొంగలు పడ్డారని కబురందిన మనిషి పరిగెత్తుకొచ్చి తలుపు తోస్తూ, అన్నీ పోయుంటే బాగుండునని ఎక్కడైనా కోరుకుంటుందా? ఆమె మాత్రం కోరుకుంది, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని మరీ కోరుకుంది. ఎడంపక్కన భర్త పాప్‌కార్న్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తినకుండా, పరీక్ష హాల్లో కూర్చున్నవాడిలా నిటారుగా ఉన్నాడు. కుడిపక్కన మరిది, ఒక లాయరు దగ్గర జూనియరు, ఫోను వెలుతురు తగ్గించుకుని బొటనవేళ్ళు సిద్ధం చేసుకున్నాడు. "వదినా, మనది అనిపించిన ప్రతి సీనుకీ నా మోచెయ్యి తట్టు. నేను రాసుకుంటా," అన్నాడు చెవి దగ్గర. మనది. ఆ మాట ఎంత కమ్మగా ఉంది! ఇన్నేళ్ళలో ఆమె రాతల్ని ఆ ఇంట్లో ఎవరూ మనది అనలేదు. ఆ కాగితాలు అన్నారు, ఆ పిచ్చి అన్నారు, పాలు పొంగిపోతే రచయిత్రిగారు కథలో ఉన్నారు అన్నారు. ఇప్పుడు మరిది సంచిలో ఫిర్యాదు టైపు చేసి సిద్ధంగా ఉంది, రచయితల సంఘానికి ఒకటి, కోర్టుకి ఒకటి. సినిమా చూసి ఔనని ఒక్క సంతకం పెడితే చాలు.

తెరమీద కంపెనీ గుర్తు పడింది. ఆ గుర్తు ఆమెకి బాగా తెలుసు, కవరు మీద ఆ చిరునామా రాసేటప్పుడు చేతిరాత ఎంత ముద్దుగా దిద్దిందో. ఈ కంపెనీకి రాసింది, ఆ పక్క వీధి కంపెనీకి రాసింది, మూతపడ్డ కంపెనీలకి కూడా తెలియక రాసింది. ఒక నిర్మాత పోయి అప్పటికే ఏడాదైందట, ఆయన్ని మీ ఆరోగ్యం కుశలమని తలుస్తాను అని పలకరిస్తూ రాస్తే, ఆయన కొడుకు మర్యాదగా జవాబిచ్చాడు, నాన్నగారు లేరు, ఉన్నా ఇలాంటివి తీసేవారు కారు అని. ఇంకొకామెని మహాశయా అని సంబోధించింది, పేరు చూసి మగవాడనుకుని. ఆ ఉత్తరాలు రాయడం నేర్పింది ఒక శిక్షణ తరగతి మాస్టారు. రెండు రోజుల తరగతి, అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, వచ్చినవాళ్ళందరి కళ్ళల్లోనూ ఒకటే ఆకలి. కొత్తవాళ్ళు స్క్రిప్టు పంపకూడదు, పంపినా చెత్తబుట్టలోకే పోతుంది. ముందు ఒక ఉత్తరం రాయాలి, కథ ఇదీ, చదువుతారా అని అడగాలి, కథని మూడు వాక్యాల్లో చెప్పాలి, మూడు వాక్యాల్లో ఇమడని కథ కథే కాదు, అనేవాడాయన. ఆయన తీసిన సినిమా ఏమిటని ఎవరో అడిగితే గొంతు సవరించుకుని, ఇక టీ విరామం, అనేశాడు. అప్పుడు నవ్వింది గానీ ఇంటికెళ్ళాక ఆ మూడు వాక్యాల్నే పట్టుకుని వేళ్ళాడింది. ఆస్పత్రి మార్చురీలో శవాల్ని కడిగే ఒక స్త్రీ. ఎప్పుడో చెప్పకుండా వెళ్ళిపోయిన ఆమె భర్త. ఒకరోజు ఆమె ముందున్న బల్లమీదికి దిక్కులేని శవంగా వచ్చేది అతనే. అంతే. దీనికి ముందు నమస్కారాలు, వెనక, ఈ కథ విన్నవారందరూ కంటతడి పెట్టారని మనవి. విన్నవారందరూ అంటే ఎవరు? ఆడబిడ్డ ఒకసారి విన్నది, వింటూ బట్టలు మడతపెట్టింది, అయ్యాక, శవాలేమిటి వదినా పొద్దున్నే అంది.

చాలావాటికి జవాబులు రాలేదు. వచ్చినవన్నీ ఒక్క అచ్చులోంచి ఊడిపడ్డట్టుండేవి. మా ప్రస్తుత అవసరాలకు తగినట్టు లేదు. ప్రస్తుత అన్న మాటని పట్టుకుని ఆమె నెలలు గడిపేసేది, ప్రస్తుతం లేదంటే రేపు ఉండొచ్చు కదా అని. ఉత్తరాన్ని తిరగరాసేది. స్త్రీ అన్నచోట ఒంటరి స్త్రీ అని, తర్వాత ఒంటరి కొట్టేసి అభాగ్యురాలు అని, తర్వాత అది మరీ పాతవాసనేస్తోందని మళ్ళీ స్త్రీ అని. బల్లమీదికా, పీటమీదికా, దేనిమీదికి రావాలి శవం, అని భోజనం దగ్గర ఆలోచిస్తూ పైకి అనేస్తే భర్త ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "తినే దగ్గర కూడా ఆ శవాన్ని వదలవా నువ్వు?" పోస్ట్‌మ్యాన్ ఆమెని ఉత్తరాలమ్మ అని పిలవడం మొదలుపెట్టాడు, తర్వాత వీధంతా. ఇప్పుడు చీకట్లో, తెరమీద పేర్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతుంటే, ఆమెకి ఒక్కసారిగా తట్టింది. కథకంటే ఉత్తరాన్నే తను ఎక్కువసార్లు తిరగరాసింది. కథ మొదటిసారి ఎలా రాసిందో అలాగే ఉంది, బీరువా మీద సూట్‌కేసులో.

కథ, మాటలు అని తెరమీద ఒక పేరు పడింది. ఎవరో ఎరగని పేరు. మరిది నోట్లో నోట్లోనే ఒక బూతు తిట్టాడు. భర్త ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకున్నది ఎప్పుడో గుర్తు లేదు, టైర్ల గోదాములో రోజంతా సరుకు లెక్క చూసే చెయ్యి, ఆ రబ్బరు వాసన ఎక్కడికి పోతుంది, సబ్బుకి కూడా లొంగదు, ఆ వాసనే ఇవాళ ఎందుకో ధైర్యంగా ఉంది. సినిమా ప్రచారం బొమ్మ ఫోన్లో చూపించింది మరిదే. మార్చురీ తలుపు, ఓ నడివయసు ఆడమనిషి, వెల్లకిలా పడుకున్న పాదాలు. వదినా, ఇది నీ కథ కదూ! అన్నాడు, ఆ కదూలో ఎంత ఆశ్చర్యం, నీ కథలు నిజంగా కథలేనన్నమాట అన్నట్టు. ఆ సాయంత్రం నుంచి ఇల్లు ఇల్లులా లేదు. అత్తగారు చుట్టాలందరికీ ఫోను చేసి, "మా కోడలు రాసిన కథని పెద్ద కంపెనీవాళ్ళు కొట్టేశారమ్మా" అని చెప్తుంటే గొంతులో బాధకంటే గొప్పే ఎక్కువ వినపడింది. భర్త సూట్‌కేసు దింపి దుమ్ము తుడిచి స్క్రిప్టు చదివాడు, మొదటిసారి, కళ్ళజోడు పెట్టుకుని, చివరిదాకా. "ఇంత రాశావని నాకు తెలీదు," అన్నాడు. బాగుందనలేదు, బాగోలేదనలేదు. దొంగలెత్తుకుపోయేంత ఉందంటే బాగున్నట్టే కదా అని మొహంలో రాసుంది. ఔను మరి, ఎవరూ కొట్టెయ్యని వస్తువుకి విలువేముంటుంది? రాసినందుకు కాదు, పోయినందుకు రచయిత్రి అయింది తను.

మొదటి సీను. ఆమె స్క్రిప్టులో మొదటి సీను వాన, ఆస్పత్రి మెట్లమీద హీరోయిన్ ఏడుస్తూ వెనకటి కథంతా గుర్తుచేసుకోవడం. ఇక్కడ వాన లేదు. ఒక ఆడమనిషి రబ్బరు చేతొడుగులు తిరగేసి ఊది, వేళ్ళు ఉబ్బుతున్నాయో లేదో, చిల్లు ఉందో లేదో చూసుకుంటోంది. ఒకటి చిరిగింది. పారెయ్యలేదు, చిరిగినదాన్ని ఎడంచేతికి తొడుక్కుంది. అంతే సీను. మరిది ఆమె తట్టడం కోసం ఎదురుచూస్తున్నాడు. మార్చురీ ఉంది, ఆడమనిషి ఉంది, తట్టొచ్చు. ఆమె తట్టింది. అతను టకటకా కొట్టుకున్నాడు. ఊది చూస్తారని తనకి తెలీదు. పన్నెండేళ్ళు తను ఒక ఆస్పత్రి బిల్లుల కౌంటరులో కూర్చుంది, బాకీ తీరనిదే శవాన్ని వదలరని ఏడ్చేవాళ్ళకి అద్దంలో చిన్న కంతలోంచి చెప్పింది, మార్చురీకి వెళ్ళే నడవా తన కుర్చీలోంచే కనపడుతుంది, కానీ ఆ తలుపు దాటి ఒక్కనాడూ వెళ్ళలేదు. అక్కడ పనిచేసే ఆమె మధ్యాహ్నాలు కౌంటరు దగ్గరికి చీటీలకొచ్చేది, పొట్టిగా, ఎప్పుడూ తడిచేతుల్ని చీరకి తుడుచుకుంటూ. శవాల కథ రాస్తున్నానని మాటవరసకి చెబితే ఆమె పకపకా నవ్వింది. "లోపలికొచ్చి చూడమ్మా ఒకసారి. ఏం చెయ్యరు, పడుకునుంటారు పాపం." అమ్మో, నావల్ల కాదు, అని తనూ నవ్వేసింది. ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి ఉత్తరంలో ఒక వాక్యం చేర్చింది, మార్చురీ జీవితాన్ని అతి దగ్గరగా పరిశీలించి రాసిన కథ అని.

ఇది రాసినవాడెవడో లోపలికి వెళ్ళాడు. సీను తర్వాత సీను, అది తెలిసిపోతోంది, వద్దన్నా తెలిసిపోతోంది. బల్ల వాలు ఎటుంటుందో వాడికి తెలుసు, నీళ్ళు ఎటు పోతాయో తెలుసు, శవం జేబులోని బస్సు టిక్కెట్టుని ఏ డబ్బాలో వేస్తారో తెలుసు. వాడు కాదేమో, ఆమేమో, పేరు చూసి ఏం చెప్పగలం, తను కూడా ఒకసారి బోల్తా పడింది కదా. ఎవరైతేనేం, చచ్చినవాళ్ళ మధ్య నిలబడి ముక్కు మూసుకోకుండా చూసిన మనిషి. మరిది ఊపిరి వినపడుతోంది, ఏం వదినా, ఏం వదినా, అని మోచెయ్యి ముందుకి జరుపుతున్నాడు. తెరమీద హీరోయిన్ భర్త వెళ్ళిపోయిన ముచ్చట వచ్చింది. ఇది ఉండాలే, ఇది ఉత్తరంలో రాసిందే. ఆమె స్క్రిప్టులో భర్త తాగుబోతు, వేరే ఆడది, అరుపులు, గిన్నెలు ఎగరడం. ఇక్కడ పక్కింటావిడ అడుగుతుంది, మీ ఆయన ఏమైనా ఉత్తరం ముక్క రాశాడా అని. హీరోయిన్ దండెం మీది బట్టలు తీస్తూ, ఆయనకి రాయడం రాదండీ, అంటుంది. హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు. ఒక్క మాటలో ఆ మగవాడు మొత్తం వచ్చేశాడు, వాడి మీద కోపం రాకుండా పోయింది, అదే ఇంకా ఘోరంగా ఉంది. నేను గిన్నెలెందుకు ఎగరేశాను, ఎవరు చెప్పారు నన్ను గిన్నెలెగరెయ్యమని.

తర్వాత ఆ సీను వచ్చింది. వస్తుందని తెలుసు, రాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది, ఇందాక అయ్యుండాలని మొక్కుకున్న మనసే ఇప్పుడు వద్దు వద్దంటోంది. దిక్కులేని శవం, పోలీసు చీటీ కాలివేలికి కట్టి ఉంది. హీరోయిన్ కడగడం పాదాల దగ్గర మొదలుపెట్టింది, ఎప్పుడూ పాదాల దగ్గరే మొదలుపెడుతుందట, మొహం చివర. చిటికెన వేలు పక్కవేలిమీదికి ఎక్కి ఉంది. చెయ్యి ఆగింది. కెమెరా మొహం దగ్గరికి పోలేదు, ఆగిన చేతి దగ్గరే ఉండిపోయింది. కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. తన స్క్రిప్టులో ఇక్కడ నాలుగు పేజీల మాటలున్నాయి. శవం మీద పడి, ఇన్నాళ్ళకి నా దగ్గరికొచ్చావా, రావడానికి ఈ దారే దొరికిందా, అని మొదలై ఆడపుట్టుక మీదుగా లోకం మీదికి పోయే మాటలు. రాసిన రోజున తనే ఏడ్చింది, ఏడ్చానంటే గొప్పగా వచ్చినట్టేననుకుంది. తెరమీది మనిషి తల తిప్పి మొహం చూసింది. చాలాసేపు కాదు. చీటీ రాసుకునే గుమాస్తా గుమ్మంలోంచి అడిగాడు, "ఎవరైనా గుర్తుపట్టారా వీణ్ణి?" ఆమె, "లేదు," అంది. చేతొడుగులు తీసేసింది. ఒట్టిచేతుల్తో కడిగింది, చెవుల వెనకా, మెడ మడతల్లో, వేళ్ళ సందుల్లో, పసిబిడ్డని కడిగినట్టు కాదు, పెళ్ళాం కడిగినట్టు కూడా కాదు, పని చేసినట్టే, కాకపోతే కొంచెం నెమ్మదిగా. గుడ్డ కప్పింది. బయటికొచ్చి ఆస్పత్రి గోడ పక్కన టీ బండి దగ్గర నిలబడింది. ఒక గుక్క తాగి, గ్లాసు ముందుకి చాపి, "చక్కెర ఇంకాస్త వెయ్యన్నా," అంది.

హాల్లో పాప్‌కార్న్ నమిలే చప్పుడు ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. ఆమె బుగ్గలు తడిసిపోయాయి, ఆపుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా. ఇన్నేళ్ళూ తను ఎవరికో అబద్ధంగా రాసిన మాట, విన్నవారందరూ కంటతడి పెట్టారన్నది, ఇదిగో ఇక్కడ నిజమైంది, తన కళ్ళల్లోనే, మరొకరి రాతకి. మరిది చూశాడు. "ఏడవకు వదినా," అన్నాడు, "వీళ్ళ తాట తీస్తా చూడు." భర్త జేబురుమాలు ఇచ్చాడు. అటూ ఇటూ ఇంత ప్రేమ, ఇంత తప్పుడు ప్రేమ, మధ్యలో తను. కొట్టేసినా బాగుండేది. కొట్టేస్తే నా దగ్గర ఒకటి ఉండేదన్నమాట. మహా అయితే వీళ్ళు మూడు వాక్యాలు చదివుంటారు, అదీ చదివుంటే. కవరు చింపకుండానే మూలన పడేసుంటారు, ఎవరు చదువుతారు అన్ని ఉత్తరాలు. చదివినా ఆ మూడు వాక్యాల్లో ఏముంది, ఒక ఆడది, ఒక మొగుడు, ఒక శవం, ఊళ్ళో ఎవడికైనా తట్టేదే. ఆ చిరిగిన చేతొడుగు ఉందా నా ఉత్తరంలో? ఆ లేదు అన్న మాట ఉందా? నా దగ్గర లేనిదాన్ని నా దగ్గర్నుంచి ఎలా ఎత్తుకుపోతారు? కోపం రావాలి ఎవరిమీదైనా, ఎవరిమీదికి పోవాలో తెలియక ఆ కోపం చివరికి ఆ మార్చురీ ఆవిడమీదికి పోయింది, ఇంకాస్త గట్టిగా పిలవొచ్చుగా, చెయ్యి పట్టుకుని లాక్కుపోవచ్చుగా లోపలికి.

సినిమా ఎలా అయిందో ఆమె సరిగ్గా చూడలేదు. లైట్లు వెలిగాయి, జనం లేచి నిలబడి కూడా కదలడంలేదు, కొందరు చప్పట్లు కొట్టారు. బయట వరండాలో, కూల్‌డ్రింకుల కౌంటరు పక్కన, గాజు తలుపుల్లోంచి మధ్యాహ్నపు ఎండ మొహాన కొడుతుంటే మరిది సంచి మోకాలిమీద పెట్టుకుని కాగితాలు తీశాడు. పెన్ను టోపీ తీసి మరీ ఇచ్చాడు.

"కాదు," అంది ఆమె.

"ఏంటి కాదు?"

"ఇది నాది కాదురా. నాదానికీ దీనికీ సంబంధం లేదు. వాళ్ళెవరో వేరే రాసుకున్నారు." ఇంకా చెప్పాలి, నాకంటే బాగా రాశారు అని చెప్పాలి. పెన్ను తిరిగి అతని చేతిలో పెట్టి, "నాకంటే బాగా రాశారు," అంది.

"బాగుండటం కాదు వదినా పాయింటు. మార్చురీ ఉందా? ఉంది. మొగుడి శవం ఉందా? ఉంది. నీ ఉత్తరం వాళ్ళకి అందినట్టు రసీదు ఉందా? ఉంది. జడ్జికి ఇంకేం కావాలి?"

"నేను సంతకం పెట్టను."

మరిది అన్న మొహం చూశాడు. ఆయన ఆమె మొహం చూశాడు, చాలాసేపు, జాలిగా, ఎప్పుడూ లేనంత మెత్తగా. "పెద్దవాళ్ళతో గొడవని భయపడుతోందిరా," అన్నాడు తమ్ముడితో. "మొదట్నుంచీ అంతే, తనకి జరిగిన అన్యాయం తను చెప్పుకోదు." ఆమె నోరు తెరిచింది. భయం కాదండీ, నిజం, అనబోయింది. ఆయన భుజం తట్టాడు. "సరేలే. వద్దంటే వద్దు. మాకు తెలుసుగా." ఆ తెలుసుగాలో ఎంత నమ్మకం! పెళ్ళైన ఇన్నేళ్ళకి వచ్చిన నమ్మకం, తను ఒక్క మాట గట్టిగా అంటే విరిగిపోయేది, విరిగితే మళ్ళీ పాలు పొంగినప్పటి రచయిత్రిగారు, మళ్ళీ ఉత్తరాలమ్మ. నిజం ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పాలని ఎక్కడా లేదు. మరిది కాగితాల్ని విసురుగా సంచిలో కుక్కి, పెన్ను టోపీ కనపడక నేలంతా వెతుక్కున్నాడు.

తర్వాతి ఆటకి వస్తున్న జనంలోంచి ఒకాయన చెయ్యి ఊపాడు. భర్త గోదాములో సూపర్‌వైజరు, పక్కన ఆయన భార్య, చేతిలో టిక్కెట్లు. ఎలా ఉందండీ సినిమా, బాగుందట కదా, అన్నాడాయన. భర్త అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. తగ్గించినా పక్కవాళ్ళకి వినపడేట్టే తగ్గించాడు. "బాగుండకేం సార్. కథ మా ఆవిడదే. ఎప్పుడో వాళ్ళకి పంపింది. పేరు వేసుకున్నది వేరేవాళ్ళు." సూపర్‌వైజరు కనుబొమలు పైకి లేచాయి. ఆయన భార్య రెండడుగులు ముందుకేసి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అయ్యయ్యో! నిజమా అండీ? మరి ఊరుకున్నారా?"

ఇప్పుడు అనొచ్చు. కాదండీ, ఆయన ఏదో పొరపడ్డారు, అనొచ్చు. ఆ మాట నాలిక చివరే ఉంది. ఆ సూపర్‌వైజరు భార్య కళ్ళు పెద్దవి, వాటిల్లో తను కనపడుతోంది, ఇంత చిన్నగా, ఇంత గొప్పగా. భర్త పక్కనే నిలబడి ఉన్నాడు, ఛాతీ కొంచెం ముందుకి వచ్చింది. "పోనీలెండి," అన్న గొంతు వినపడింది, తనదే. "వాళ్ళకేం అవసరమొచ్చిందో."

"ఎంత మంచి మనసండీ మీది!" అంది ఆవిడ, చేతులు వదలకుండానే. లోపలినుంచి గంట మోగింది, సూపర్‌వైజరు పద పద అంటున్నాడు. ఆవిడ వెళ్తూ వెళ్తూ ఆగి వెనక్కి తిరిగింది. "మీరు రాసిన సీను ఏదో ఒకటి చెప్పండి. అది వచ్చినప్పుడు మిమ్మల్నే తలుచుకుంటాను."

నాలుగు పేజీల మాటలు గుర్తొచ్చాయి, వాన, మెట్లు, ఎగిరిన గిన్నెలు. అవేవీ లోపల లేవు. ఆమె ఒక్క క్షణం నేలవైపు చూసింది.

"చివర్లో టీ బండి దగ్గర, చక్కెర ఇంకాస్త వెయ్యమంటుంది చూడండి," అంది. "అది నాది."